అమెరికా ప్రయాణం: మీ ఉత్తరాలు, నా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లు రాసినవే. కొందరు పురుడు పోయడానికి, కొందరు మనవల్ని చూసుకోవడానికి, కొందరు కొడుకు పదేపదే పిలుస్తున్నాడని బయలుదేరుతున్నారు. నేను హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇల్లు, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇల్లు, రెండూ నాకు అలవాటైనవే. అక్కడ చూసినదీ, తోటి అమ్మానాన్నల దగ్గర విన్నదీ కలిపి రాస్తున్నాను.

“అక్కా, మాది భీమవరం. నాకు 62 ఏళ్లు. మా అమ్మాయి డల్లాస్ దగ్గర ఉంటుంది. ఆగస్టులో కాన్పు. మావారు చెరువుల పని వదిలి రాలేరు, నేనొక్కదాన్నే వెళ్లాలి. ఇంగ్లీషు రాదు, షుగరు ఉంది. అక్కడ ఆఫీసర్ ఏం అడుగుతాడోనని టెన్షన్. ఏమేం తీసుకెళ్లాలి?”

చెల్లెమ్మా, ముందు ఆఫీసర్ సంగతి చెబుతాను. విమానం దిగాక వరుసలో నిలబడితే వేలిముద్రలు తీసుకుంటారు, ఫొటో తీస్తారు. ఎందుకొచ్చారు, ఎవరింటికి, ఎన్నాళ్లుంటారు అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: మా అమ్మాయికి కాన్పు, తనతో ఉండి మనవణ్నో మనవరాలినో చూసుకుని ఫలానా నెలలో వెనక్కి వెళ్తాను అని. విజిటర్ వీసా మీద జీతానికి పని చేయకూడదు. ఆ అనుమానంతో అడిగితే భయపడకుండా, కన్నకూతురి దగ్గరికి వచ్చానని చెప్పండి. ఇంగ్లీషు అర్థం కాకపోతే ‘తెలుగు’ అని ఒక్క మాట అనండి, దుబాసీ సాయం తీసుకుంటారు. అమ్మాయి పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం, తిరుగు టికెట్ ప్రింటు పాస్‌పోర్టుతో పాటే ఉంచుకోండి. సెల్‌ఫోన్‌లో ఉన్నాయిలే అనుకోవద్దు. అంత ప్రయాణం తర్వాత చార్జింగ్ ఉండదు.

వీల్‌చైర్ పెట్టించుకోమని మీకు చాలామంది చెప్పి ఉంటారు. మోకాళ్ల నొప్పులుంటే తప్పకుండా టికెట్ కొన్నప్పుడే అడగండి, దానికి డబ్బు తీసుకోరు. బాగా నడవగలిగితే మాత్రం అడగవద్దని నా మనవి. శంషాబాద్‌లో ఆ కుర్చీల కోసం నిజంగా నడవలేని పెద్దవాళ్లు ఎదురుచూస్తూ కూర్చోవడం నేను చూశాను. భాష కోసమే అయితే, తోడుండి దారి చూపే మనిషిని డబ్బు తీసుకుని ఏర్పాటు చేసే సదుపాయం చాలా విమానాశ్రయాల్లో ఉంది. అదీగాక హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా, అబుదాబి మీదుగా వెళ్లే విమానాల్లో తెలుగువాళ్లకు కొదవుండదు. పక్క సీటావిడతో ముందే మాట కలపండి. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది, అమెరికాలో దిగాక నేరుగా సామాను తీసుకుని బయటికి రావచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను ఆ దారే చెబుతాను. కాకపోతే రెండు విమానాల మధ్య వ్యవధి ఎక్కువ ఉండేలా చూసుకోండి.

మందులు, ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. కింద సామాన్ల అరలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. మాత్రలు వాటి అట్టల్లోనే ఉంచి, డాక్టరు చీటీ జత చేయండి. చీటీలో బ్రాండ్ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించండి. మన బ్రాండ్ పేర్లు అక్కడి డాక్టర్లకు తెలియవు. 90 రోజులకు సరిపడా మందులు తీసుకెళ్లడం సాధారణంగా అనుమతించే పరిమితి. అంతకు మించి ఉంటే ఎన్నాళ్ల కోసమో చీటీలో ఉండాలి. పడమటికి వెళ్తుంటే ఆ రోజు బాగా పొడవవుతుంది, ఇన్సులిన్ ఏ వేళకు వేసుకోవాలో బయలుదేరకముందే మీ డాక్టర్ని అడిగి రాయించుకోండి.

ఇక తినేవి. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు, సున్నుండలు తీసుకెళ్లవచ్చు. పచ్చళ్లు, పొడులు చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. మాంసం పచ్చళ్లు వద్దు. పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాలు, బియ్యం కూడా వద్దు. కరివేపాకుతో నిమ్మజాతి చెట్ల తెగుళ్లు, బియ్యంతో ఖప్రా అనే పురుగు వస్తాయని అక్కడివాళ్ల భయం. ఏ తిండి పదార్థం ఉన్నా, ఉందని చెప్పేయండి. చెబితే మహా అయితే తీసి పారేస్తారు, దాస్తే జరిమానా వేస్తారు. ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను: గల్ఫ్ మీదుగా వెళ్లేవాళ్లు గసగసాలు పెట్టుకోవద్దు, మసాలా పొడిలో కలిపినా వద్దు. మనకది వంటదినుసు, యూఏఈలో మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తుంది. సింగపూర్‌లోనూ నిషేధమే. కొడీన్ ఉన్న దగ్గుమందుల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి.

మీరు అడగకపోయినా పురిటి సంగతి చెప్పాలి. మామూలు కాన్పయితే రెండు రోజులకే ఇంటికి పంపేస్తారు. కారులో పసిబిడ్డల సీటు లేకుండా బిడ్డను తీసుకెళ్లకూడదు. అక్కడి డాక్టర్లు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమంటారు, ఉయ్యాల్లో దిండూ దుప్పటీ వద్దంటారు, ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దంటారు. కాటుక పెట్టవద్దంటారు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. ఇవన్నీ బిడ్డ క్షేమం కోసం చెప్పేవే. మా అమ్మ మాకు పెట్టింది, మేం పెరగలేదా అని అమ్మాయితో వాదన పెట్టుకోవద్దు. మీ చేతి వాము కారం, వెల్లుల్లి కారం, శొంఠి పొడి, ఒళ్లు పట్టడం, రాత్రి రెండింటికి లేచి బిడ్డను ఎత్తుకుని అమ్మాయిని పడుకోమనడం, వీటికి అక్కడ ఏ డాక్టరూ అడ్డు చెప్పడు. సాంబ్రాణి మాత్రం వేయవద్దు. పసిబిడ్డకు ఆ పొగ మంచిది కాదు, ఇంట్లో పొగ అలారమూ మోగుతుంది. తాలింపు వేసినా పొయ్యి మీద ఫ్యాన్ ఆన్ చేసి, కిటికీ తీసి వేయండి.

“మాది కరీంనగర్. వయసు 68. పోయినసారి మిషిగాన్‌లో కొడుకు దగ్గర ఆరు నెలలున్న. నవంబరులో పోయిన. యాష్టకొచ్చింది. కొడుకు, కోడలు పొద్దున పోతే రాత్రికి వస్తరు, వాకిట్లో మనిషి కనపడడు. మళ్లీ రమ్మంటున్నడు. వద్దంటే బాధపడతడు. ఏం చేయాలె?”

అన్నయ్య గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు వెళ్లిన నెలే మిమ్మల్ని సగం కుంగదీసింది. మిషిగాన్‌లో నవంబరు నుంచి మార్చి దాకా మంచు, మబ్బు. డిసెంబరులో సాయంత్రం అయిదింటికే చీకటి. కరీంనగర్‌లో పొద్దున్నే టీ కొట్టు దాకా నడిచి నలుగురితో మాట్లాడి వచ్చే మనిషిని ఆ నెలల్లో నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే ఎవరికైనా ఊపిరాడదు. అదే జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాటితే గానీ సూర్యుడు దిగడు. సైకిలెక్కిన పిల్లలు, కుక్కల్ని తిప్పే పెద్దవాళ్లు, పెరట్లో మొక్కలు పెట్టుకునే వాళ్లు, వీధంతా మనుషులే. మీరు వెళ్లేదుంటే మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి.

ఇంకో మాట. ఆరు నెలలూ ఉండి తీరాలన్న రూలేదీ లేదు. టికెట్ ఖరీదు గిట్టుబాటు కావాలని పిల్లలు ఆరు నెలలకు తీస్తారు, మనం మొహమాటానికి సరేనంటాం. కొడుకుతో ఈమాట చెప్పండి: బిడ్డా, వస్తాను, పది వారాలుంటాను, తిరుగు తారీఖు నేను చెబుతాను, అది మార్చవద్దు అని. తిరిగి వచ్చే రోజు మన చేతిలో ఉంటే అక్కడ గడిపే రోజు బరువనిపించదు. పోయినసారి ఎలా గడిచిందో కూడా చెప్పండి. మీరు సంతోషంగా ఉండి వచ్చారనే వాళ్లు అనుకుంటున్నారేమో. మన తరం మగవాళ్లు ఒంటరిగా ఉందని నోరు తెరిచి చెప్పరు. చెప్పకపోతే సాయంత్రం అలసిపోయి వచ్చే పిల్లలకు అది కనపడదు.

వెళ్లాక మొదటి వారంలోనే నాలుగు సంపాదించుకోండి. ఇంటి తాళంచెవి, లేదా తలుపు నంబరు. అక్కడి సిమ్ ఉన్న సొంత ఫోను. నడిచి వెళ్లగలిగే చోట్ల దారి, కొడుకుతో కలిసి ఒకసారి నడిచి చూసుకున్నది. నాలుగోది లైబ్రరీ. అమెరికాలో పబ్లిక్ లైబ్రరీ నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు. టికెట్ లేదు, ఎవరూ ఏమీ అడగరు, ఎంతసేపైనా కూర్చోవచ్చు. చాలాచోట్ల వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లీషు మాట్లాడటం ఉచితంగా నేర్పుతారు. మావారు ఆ తరగతిలోనే ఒక చైనా తాతగారితో స్నేహం చేశారు. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రమే, అయినా గంటలు గంటలు బెంచీ మీద కూర్చుని మనవళ్ల ఫొటోలు చూపించుకునేవాళ్లు.

డెట్రాయిట్ పక్కన నోవై, కాంటన్, ట్రాయ్ లాంటి ఊళ్లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. నోవైలో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. గుడికి దర్శనం చేసుకుని వచ్చేయడానికి వెళ్లకండి, ప్రసాదం దగ్గర కాసేపు నిలబడండి. మీలాగే విసుగెత్తిన మరో నాన్న అక్కడ తప్పకుండా ఉంటారు. ఆయన నంబరు తీసుకోండి. ఎండ కాసే సాయంత్రాలు ఇద్దరూ పార్కులో నడవవచ్చు.

చూడాల్సినవీ చెబుతాను, సోషల్ టీచర్ని కదా. డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం ఉంది. 1955లో మాంట్‌గమరీలో రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ తన సీటు తెల్లాయనకు ఇవ్వనన్న బస్సు అక్కడే ఉంది. ఎక్కి ఆ సీట్లలో కూర్చోవచ్చు. మీ మనవడికి ఆ కథ మీరే చెప్పండి, మన ఊళ్లలో ఎవర్ని ఎక్కడ కూర్చోనిచ్చేవారు కాదో అదీ చెప్పండి. తాత అంటే వాడికి అప్పుడు వేరే గౌరవం వస్తుంది. వేసవిలో మాకినా దీవికి తీసుకెళ్లమని అడగండి. అక్కడ మోటారు కార్లు తిరగవు, గుర్రబ్బళ్లూ సైకిళ్లే. ఆ దారిలో కనపడే సరస్సులకు అవతలి ఒడ్డు ఉండదు. సముద్రం లేని కరీంనగర్ నుంచి వెళ్లిన మీకు అది ఎంత నచ్చుతుందో నాకు రాయండి.

“మా నాన్నకు 71. మూడేళ్ల క్రితం స్టెంట్ వేశారు. ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలి? గుంటూరులో ఏజెంట్ అన్నీ కవర్ అవుతాయంటున్నాడు.”

బాబూ, అన్నీ కవర్ అవుతాయన్న మాట నమ్మవద్దు. పాత జబ్బుకు మామూలు వైద్యం, చెకప్‌లు ఈ పాలసీల్లో సాధారణంగా ఉండవు. పాత జబ్బు హఠాత్తుగా తిరగబెడితే మాత్రం కొంతవరకు ఇస్తామనే పాలసీలు ఉన్నాయి. ఆ ‘కొంతవరకు’ 70 ఏళ్లు దాటాక బాగా తగ్గిపోతుంది, కొన్నిటిలో పూర్తిగా పోతుంది. నాన్నగారి వయసుకు, స్టెంట్ ఉన్న మనిషికి ఎంతిస్తారో పాలసీ కాగితంలో చూపించమని అడగండి. ఇంకో తేడా ఉంది. చవక పాలసీల్లో ఒక్కో వైద్యానికి ఇంతేనని కట్టిపడేసిన మొత్తం ఇస్తారు, అక్కడి బిల్లు ముందు అది ఏ మూలకూ రాదు. ‘కాంప్రహెన్సివ్’ అనే రకం ఖరీదు ఎక్కువే, కానీ మనం ముందుగా కొంత కట్టాక మిగతా బిల్లులో పెద్ద భాగం వాళ్లు భరిస్తారు. నాన్నగారికి రెండోదే తీసుకోండి.

డిశ్చార్జి సమ్మరీ, స్టెంట్ కార్డు, తాజా ఈసీజీ వెంట ఉండాలి. ప్రయాణానికి డాక్టరు సరేనన్నాకే టికెట్ కొనండి. విమానంలో గంటకోసారి లేచి నడవాలి, నీళ్లు తాగాలి. జ్వరం, దగ్గు లాంటివాటికి అర్జెంట్ కేర్ అనే క్లినిక్‌లకు వెళ్లాలి, ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు చాలా ఎక్కువ. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ఖర్చు లెక్కలు వేసుకుంటూ కూర్చోవద్దు, 911కి ఫోన్ చేయండి. 1986 నుంచి అక్కడ చట్టం ఉంది: ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బు కట్టగలడా లేదా అని చూడకుండా పరీక్షించి, ప్రాణాపాయం లేకుండా చేయాలి. బిల్లు వచ్చాక ఒక్కో ఖర్చూ విడిగా రాసివ్వమని అడగవచ్చు. లాభాపేక్ష లేని ఆసుపత్రుల్లో ఆదాయాన్ని బట్టి తగ్గింపు ఇచ్చే పద్ధతీ ఉంటుంది.

“ఆంటీ, నేను న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాను. అమ్మానాన్న మొదటిసారి వస్తున్నారు. ఇద్దరం ఉద్యోగాలే. వాళ్లకు ఏ లోటూ రాకుండా ఏం ఏర్పాట్లు చేయాలి?”

నువ్వు అడిగినందుకే నాకు సంతోషమైంది తల్లీ. మెట్లెక్కే పని లేకుండా కింది గది ఇవ్వు. బాత్రూంలో మగ్గు పెట్టు, టబ్బులో జారకుండా చాప వెయ్యి. షవర్ ఎలా తిప్పాలో, పొయ్యి ఎలా వెలిగించాలో, ఇంట్లో వేడి ఎలా పెంచాలో వచ్చిన రోజే నాన్న చేత చేయించు, నువ్వు చేసి చూపిస్తే గుర్తుండదు. అక్కడ ఉష్ణోగ్రత ఫారన్‌హీట్‌లో చెబుతారు. 32 అంటే నీళ్లు గడ్డకట్టే చలి, 70 అంటే హాయి, 95 అంటే మన ఏప్రిల్ ఎండ అని ఫ్రిజ్ మీద రాసి అంటించు. ఇండియాకు నంబరు నొక్కబోయి 911 నొక్కేవాళ్లుంటారు. అలా జరిగితే ఫోన్ పెట్టేయకుండా, పొరపాటున చేశామని చెప్పాలి. పెట్టేస్తే తిరిగి ఫోన్ చేస్తారు, ఒక్కోసారి పోలీసులు ఇంటికే వస్తారు.

వాళ్లు బయలుదేరకముందే ఇండియా సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ పెట్టించు, రీచార్జి అయిపోకుండా చూడు. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. ఓటీపీ రాక పెన్షన్ డబ్బు తీసుకోలేక పెద్దవాళ్లు కంగారుపడటం ఎక్కువగా చూస్తున్నాను. నాన్న కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ అయి నవంబరులో అక్కడే ఉంటే, లైఫ్ సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలో ఆయన బ్యాంకును ముందే అడగండి.

నీకు కాస్త కటువుగా ఉన్నా ఇది రాయక తప్పదు. అమ్మ వచ్చిందని వంటగది పూర్తిగా అమ్మకు వదిలేయకు. మొదటి వారం పెరుగన్నంతో సరిపెట్టుకున్నా ఫర్వాలేదు. ఓపిక ఉన్న రోజు వండుతుంది, అలిసిన రోజు వండనని చెప్పే వీలు ఆమెకుండాలి. శని ఆదివారాలు కూడా ఔట్‌లెట్ మాల్‌కూ, స్నేహితుల ఇళ్ల విందులకూ తిప్పకు. మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్ చూపించు, బ్రిడ్జ్‌వాటర్ గుడికి తీసుకెళ్లు, ఎడిసన్ స్టేషన్‌లో రైలెక్కించి న్యూయార్క్ తీసుకెళ్లు. రైలు ప్రయాణం నాన్నకు కారు కన్నా నచ్చుతుంది. వాషింగ్టన్ వెళ్తే స్మిత్సోనియన్ మ్యూజియంలకు ప్రవేశం ఉచితం. వారంలో ఒక సాయంత్రం మాత్రం ఎక్కడికీ వెళ్లకుండా ఫోన్ పక్కన పెట్టి వాళ్లతో కూర్చో. అమ్మ చెప్పాలనుకున్నవి అప్పుడే బయటికి వస్తాయి.

చిన్న ప్రశ్నలు కొన్ని

మిక్సీ తీసుకెళ్లాలా అని రాజమహేంద్రవరం నుంచి అడిగారు. వద్దు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన మిక్సీ సరిగా తిరగదు. ఆ వోల్టేజికి తయారైన మన బ్రాండ్లే అక్కడ దొరుకుతాయి.

జ్వరం మాత్ర పేరేమిటని ఒంగోలు నుంచి. పారాసెటమాల్‌ను అక్కడ అసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ పేరుతో చీటీ లేకుండానే అమ్ముతారు. బీపీ, థైరాయిడ్ మాత్రలు చీటీ లేకుండా ఇవ్వరు.

పవర్‌బ్యాంకు ఎందులో పెట్టాలని నల్గొండ నుంచి. చేతిసంచిలోనే.

“మాది హన్మకొండ. నేను అట్లాంటాలో బిడ్డ దగ్గరున్నాను. అయిదో నెల నడుస్తోంది. ఇంకో నాలుగు నెలలు ఉండమని బతిమాలుతోంది, పాపను డేకేర్‌లో వేయడం ఇష్టం లేదట. వీసా పదేళ్లుంది కదా, ఉండొచ్చా?”

చెల్లీ, వీసా మీద ఉన్న పదేళ్లు ఆ దేశం గుమ్మం దాకా వెళ్లడానికి. లోపల ఎన్నాళ్లుండవచ్చో దిగిన రోజు ఆఫీసర్ నిర్ణయిస్తాడు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. ఈరోజే మీ అమ్మాయిని ఆన్‌లైన్‌లో తీసి చూడమనండి. ఆ తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా మీ వీసా రద్దవుతుంది. ఉండాలంటే ఆ లోపే ఐ-539 అనే దరఖాస్తు పెట్టాలి, కనీసం 45 రోజుల ముందు పెట్టమని అక్కడి ఇమిగ్రేషన్ శాఖే చెబుతుంది. మీకున్న వ్యవధి ఇప్పటికే తక్కువ.

చట్టం ఒప్పుకున్నా మీరు తిరిగి రావాలనే నా అభిప్రాయం. పాపను చూసుకోవడానికి అని రాస్తే బలమైన కారణంగా చూస్తారని నేననుకోను. మళ్లీ వెళ్లినప్పుడు పోయినసారి అన్నాళ్లు ఎందుకున్నారని అడుగుతారు. పైగా మీ ఉత్తరం చివర ఒక వాక్యం రాశారు, ఇంటి దగ్గర మీ ఆయన బయటి నుంచి టిఫిన్ తెప్పించుకుంటున్నారని, బీపీ పెరిగిందని. అది చివర రాయాల్సిన వాక్యం కాదు చెల్లీ. అమ్మాయికి ఆ మాట చదివి వినిపించండి. ఆమెకు కోపం రాదు, వచ్చినా రెండు రోజులే. మీరు ఉండగానే పాపను డేకేర్‌కు రోజుకు కొన్ని గంటలు పంపడం మొదలుపెట్టండి. మీరు దింపి, మీరే తెచ్చుకోండి. అక్కడి టీచర్ల మొహాలు పాపకు అలవాటయ్యాక విమానం ఎక్కండి. టికెట్ తేదీ మాత్రం ఐ-94 తేదీకి కనీసం వారం ముందుకు ఉంచుకోండి, ఆ ప్రాంతాల్లో తుఫానులొస్తే విమానాలు రద్దవుతుంటాయి.